ఆ కుర్చీ ఖరీదెంత?

జొహానెస్‌బర్గ్‌లోని ఒక లా ఆఫీసులో కొత్తగా చేరిన నల్లజాతి కుర్రాడికి అక్కడి తెల్ల సెక్రటరీ ఓ సంగతి చెప్పింది. ఈ ఆఫీసులో రంగు తేడాలేవీ లేవట. టీ వచ్చినప్పుడు అందరిలాగే వచ్చి తీసుకోవచ్చట. అతనికోసం, అక్కడే పనిచేస్తున్న మరో నల్లజాతి ఉద్యోగి గౌర్ రాడెబె కోసం రెండు కొత్త కప్పులు కూడా కొన్నారట. తేడా లేనిచోట వేరే కప్పులెందుకో ఆమె చెప్పలేదు. టీ వచ్చింది. రాడెబె ఆ కొత్త కప్పుల వంకైనా చూడకుండా పక్కనున్న పాత కప్పు అందుకుని, తీరిగ్గా పాలూ చక్కెరా కలుపుకున్నాడు. కుర్రాడికి ఎటూ తోచలేదు. కొత్త కప్పు తీసుకుంటే రాడెబె ముందు తలవంపు, పాతది తీసుకుంటే సెక్రటరీకి కోపం. దాహంగా లేదని చెప్పి తప్పించుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడు టీ తాగాలన్నా ఒంటరిగా వంటగదిలోకి వెళ్లేవాడు.

ఆ కుర్రాడు నెల్సన్ మండేలా. అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. 1940ల మొదట్లో ఆ నగరంలో ఒక నల్లవాణ్ని లాయరు పని నేర్చుకోవడానికి చేర్చుకునే తెల్లవాళ్ల సంస్థ దొరకడమే గగనం. స్థిరాస్తి ఏజెంటు వాల్టర్ సిసులు మాటసాయంతో విట్కిన్, సిడెల్‌స్కీ అండ్ ఐడెల్మన్ అనే సంస్థలో చోటు దొరికింది. వారానికి రెండు పౌండ్లు జీతం. అలెగ్జాండ్రా బస్తీ నుంచి బస్సు ఛార్జీలు మిగుల్చుకోవడానికి చాలా రోజులు ఆరు మైళ్లు నడిచి ఆఫీసుకు, మళ్లీ ఆరు మైళ్లు నడిచి ఇంటికి. యజమాని సిడెల్‌స్కీ తన పాత సూటు ఒకటి ఇచ్చాడు. అతుకులు వేయించుకుంటూ దాదాపు ఐదేళ్లు దాన్నే తొడుక్కున్నానని, చివరికి సూటు కంటే అతుకులే ఎక్కువయ్యాయని మండేలా ఆత్మకథలో రాసుకున్నాడు.

ఇంత కష్టంలోనూ అతనికి ఒక పెద్ద మినహాయింపు దక్కింది. సంస్థ అతని దగ్గర ప్రీమియం తీసుకోలేదు.

ప్రీమియమంటే పని నేర్పినందుకు నేర్చుకునేవాడు యజమానికి చెల్లించే సొమ్ము. జీతం తీసుకోవలసినచోట ఎదురు కట్టడమన్నమాట. ఇంగ్లండులో పుట్టి, బ్రిటిష్ జెండా వెళ్లిన చోటికల్లా వెళ్లిన పద్ధతి ఇది. దాన్ని ‘ఆర్టికల్స్’ అనేవారు. ఈ మాట మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. సీఏ చదివే పిల్లల తల్లినడిగితే ‘మావాడు ఆర్టికల్స్ చేస్తున్నాడండీ’ అంటుంది. అదే మాట, అదే వంశం. సీఏలో ఉండిపోయింది, లా నుంచి వెళ్లిపోయింది. ఎలా వెళ్లిందో, వెళ్లాక దాని చోటులోకి ఏమొచ్చిందో అన్నదే ఈ కథనం. లా సంస్థలో తొలి కుర్చీ కోసం ఇవాళ లండన్‌లోనూ హైదరాబాద్‌లోనూ నడుస్తున్న పోటీని చూస్తుంటే నాకు ఒకటే అనిపిస్తుంది: ఆ కుర్చీ ఏనాడూ ఉచితంగా రాలేదు. ధర చెల్లించే నాణెమే మారుతూ వచ్చింది.

వెయ్యి పౌండ్లు ఉంటే చాలు

1729లో బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. అటార్నీ కావాలంటే ఐదేళ్లపాటు మరో అటార్నీ దగ్గర ఒప్పందం రాసుకుని గుమస్తాగిరీ చేయాలి. ప్రవేశ పరీక్షలూ ఇంటర్వ్యూలూ లేవు. ఉన్నదల్లా ఒప్పంద పత్రం, దానిమీద స్టాంపు, తండ్రి జేబులోంచి వచ్చే ప్రీమియం. డికెన్స్ నవల ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో డేవిడ్‌ను స్పెన్లో అండ్ జోర్కిన్స్ అనే ఆఫీసులో చేర్పించడానికి వరసకు నాయనమ్మ అయ్యే ముసలావిడ కట్టింది వెయ్యి పౌండ్లు. ఆవిడ ఆస్తి పోయాక డేవిడ్ వెళ్లి ఆ డబ్బు కొంతైనా వెనక్కి ఇవ్వమంటే, నాకేం అభ్యంతరం లేదుగానీ జోర్కిన్స్ ఒప్పుకోడంటాడు స్పెన్లో. ఎప్పుడూ లోపలి గదిలోనే ఉండే ఆ జోర్కిన్స్ పాపం నోరులేని మనిషి. భాగస్వాములున్న ప్రతి ఆఫీసులోనూ కనబడని జోర్కిన్స్ ఒకడుంటాడు. జీతం పెంచమని అడిగి చూడండి, తెలుస్తుంది.

డికెన్స్‌కు ఇదంతా తెలియడానికి కారణముంది. 1827లో పదిహేనేళ్ల వయసులో గ్రేస్ ఇన్‌లోని ఎల్లిస్ అండ్ బ్లాక్‌మోర్ ఆఫీసులో చిన్న గుమస్తాగా చేరాడు. అప్పులపాలై జైలుకెళ్లొచ్చిన తండ్రి ప్రీమియం కట్టే స్థితిలో లేడు. ఒకే గదిలో డబ్బు కట్టి కూర్చున్నవాడు రేపటి లాయరు. కట్టనివాడు ఎప్పటికీ గుమస్తా. ఆ గీత ఎంత పదునుగా ఉంటుందో ఆ కుర్రాడు దగ్గరనుంచి చూశాడు.

ఆడవాళ్లకైతే డబ్బున్నా దారి లేదు. 1913లో ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన గ్వినెత్ బెబ్, లా సొసైటీ తనను పరీక్షకు రానివ్వడం లేదని కోర్టుకెక్కింది. సొలిసిటర్ల (అటార్నీలకు తర్వాత స్థిరపడిన పేరు ఇది) చట్టంలోని ‘వ్యక్తి’ అన్న మాటలో స్త్రీ చేరదని న్యాయస్థానం తేల్చింది. 1919లో చట్టం మారాక, 1922 డిసెంబరులో క్యారీ మోరిసన్ ఇంగ్లండులో తొలి మహిళా సొలిసిటర్ అయింది. అప్పటికి బెబ్ లేదు. ముందు ఏడాదే ప్రసవానంతర సమస్యలతో చనిపోయింది.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ప్రీమియం మాయమైంది. 1990లలో ‘ఆర్టికల్డ్ క్లర్క్’ అన్న పేరూ పోయి ‘ట్రైనీ సొలిసిటర్’ వచ్చింది. ఒప్పందానికి ట్రైనింగ్ కాంట్రాక్ట్ అని పేరు. రెండేళ్లు. సాధారణంగా ఆరేసి నెలల చొప్పున నాలుగు విభాగాల్లో పని. ఒక్కో ఆరు నెలల్నీ వాళ్లు ‘సీటు’ అంటారు. ట్రైనీ నిజంగానే తన పై లాయరు గదిలో, ఆయన బల్లకు ఎదురుగానో పక్కగానో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు కాబట్టి ఆ పేరు. ఆయన ఫోన్లో క్లయింటుతో ఎలా మాట్లాడుతున్నాడో, ఎక్కడ ఆగుతున్నాడో, ఎక్కడ నవ్వి దాటేస్తున్నాడో వింటూ నేర్చుకోవాలి. సీటు అన్న మాటకు ఎంసెట్ నాటి నుంచి మనవాళ్లు చెమటోడుస్తున్నారు కాబట్టి ఇందులో అర్థంకానిదేమీ లేదు.

తెరముందు తొంభై సెకన్లు

డబ్బు పోయి ప్రతిభ వచ్చిందని అందరూ సంతోషించారు. ఇప్పుడు లండన్‌లో ఆ సీటు ఎలా దక్కుతుందో చూద్దాం.

మూడేళ్ల లా డిగ్రీలో రెండో ఏట, అంటే ఇరవయ్యేళ్లు నిండీ నిండకుండానే దరఖాస్తులు పెట్టాలి. ఉద్యోగం మొదలయ్యేది రెండేళ్ల తర్వాత. పెద్ద సంస్థలు ఏడాదికి సుమారు వందమంది వరకు తీసుకుంటాయి. చిన్న ఊళ్లలోని సంస్థలు ఒకరినో ఇద్దరినో. ‘మ్యాజిక్ సర్కిల్’ అని పేరుపడ్డ ఐదు లండన్ సంస్థల్లో మొదటి ఏడాది ట్రైనీకి 2024 నాటికి 56 వేల పౌండ్ల జీతం, అప్పటి మన లెక్కలో సుమారు 60 లక్షల రూపాయలు. శిక్షణ ముగిసి సొలిసిటర్ అయిన రోజున అది లక్షా 50 వేల పౌండ్లకు ఎగబాకేది. అదే దేశంలో పేదల ఇళ్ల తగాదాలూ వలసదారుల కేసులూ చూసే వీధి చివరి ఆఫీసులో ట్రైనీ జీతం ఇందులో సగం కూడా ఉండదు. ట్రైనీలకు కనీస జీతం ఇంత ఉండాలన్న నిబంధనను నియంత్రణ సంస్థ 2014లో ఎత్తేసింది.

దరఖాస్తులో మొదటి ప్రశ్న దాదాపు ప్రతిచోటా ఒకటే: మా సంస్థనే ఎందుకు ఎంచుకున్నారు? రెండు మూడు వందల మాటల్లో రాయాలి. యాభై సంస్థలకు దరఖాస్తు పెట్టేవాడు యాభైసార్లు, ప్రతిసారీ నువ్వే నా ప్రాణమని రాయాలన్నమాట. పెళ్లిచూపుల్లో కూడా ఇంత నటన అక్కర్లేదు.

అది గడిస్తే వాట్సన్-గ్లేజర్ పరీక్ష. 40 ప్రశ్నలు, 30 నిమిషాలు. ఒక పేరా ఇచ్చి, దాని నుంచి ఈ నిర్ధారణకు రావచ్చా, ఈ వాదన బలమైనదా బలహీనమైనదా అని అడుగుతారు. చట్టం ఒక్క ముక్క తెలియకపోయినా పరవాలేదు. ఆ పైన వీడియో ఇంటర్వ్యూ. అవతల మనిషి ఉండడు. తెరమీద ప్రశ్న కనబడుతుంది, ఆలోచించుకోవడానికి అర నిమిషం, తర్వాత ఎర్ర చుక్క వెలుగుతుంది. ఒకటిన్నర నిమిషమో రెండో మాట్లాడాలి. తల ఊపేవాళ్లూ కనుబొమలు ముడిచేవాళ్లూ ఎదురుగా ఉండరు. మాట్లాడుతున్నప్పుడు తన ముఖమే తనకు కనిపిస్తుంటుంది. కోర్టులో ఎంత కఠినమైన జడ్జి అయినా ఇంత నిర్వికారంగా వినడు.

ఆ తర్వాత వెకేషన్ స్కీమ్. వేసవి సెలవుల్లో రెండు మూడు వారాలు ఆ సంస్థలోనే కూర్చుని పనిచేయడం. జీతమిస్తారు, మంచి భోజనాలు పెడతారు, సాయంత్రాలు వినోదాలుంటాయి. ఇందులో ఏది పరీక్షో ఏది విందో పిల్లలకు తెలియదు. అదే అసలు పరీక్ష. చివరి రోజుల్లో ఒక కంపెనీ కొనుగోలు కాగితాల కట్ట ఇచ్చి గంటలో నోట్ రాయమంటారు, నలుగురైదుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి బేరం ఆడిస్తారు, భాగస్వాములు ఇద్దరు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు వేస్తారు. చాలా సంస్థలు తమ ట్రైనీలలో ఎక్కువమందిని ఈ వేసవి పిల్లల నుంచే ఏరుకుంటాయి.

చూడ్డానికి అంతా న్యాయంగానే ఉంది. మరి గెలుస్తున్నదెవరు? 2015లో బ్రిటన్‌లో సామాజిక చలనశీలతపై పనిచేసే ప్రభుత్వ కమిషన్ లా, అకౌంటింగ్, ఫైనాన్స్ రంగాల్లోని 13 పెద్ద సంస్థల నియామకాలను పరిశీలించింది. ముందు ఏడాది ఆ సంస్థలిచ్చిన ఉద్యోగాల్లో 70 శాతం దాకా ఫీజులు కట్టే ప్రైవేటు బడుల్లోనో, ఏరి చేర్చుకునే ప్రభుత్వ బడుల్లోనో చదివినవాళ్లకే దక్కాయి. దేశంలో అలాంటి బడుల్లో చదివేవాళ్లు పదిమందిలో ఒకరు. ఇంటర్వ్యూల్లో ‘ప్రతిభ’ అని వాళ్లు రాసుకుంటున్నదేమిటని తవ్విచూస్తే యాస, నిలబడే తీరు, తడబడని మాట, చేసొచ్చిన విదేశీ ప్రయాణాలు బయటపడ్డాయి. కమిషన్ అధ్యక్షుడు అలన్ మిల్‌బర్న్ దీనికి ‘దొరబాబుతనం పరీక్ష’ అనదగ్గ పేరు పెట్టాడు. ప్రీమియం ఎక్కడికీ పోలేదు. పదిహేనేళ్లపాటు బడికి ఫీజుగా ముందే కట్టేసి, ఇంటర్వ్యూ గదిలో రసీదు చూపిస్తున్నారు.

సంస్థలకు ఈ సంగతి తెలియక కాదు. కాలేజీ పేరు కనబడకుండా చివరి ఇంటర్వ్యూ చేసే పద్ధతిని క్లిఫర్డ్ ఛాన్స్ అనే సంస్థ పదేళ్ల కిందటే తెచ్చింది. వెనకబడ్డ బడిలో వచ్చిన బి గ్రేడును, నలభైవేల పౌండ్ల బడిలో వచ్చిన ఏ గ్రేడునూ ఒకే తూకంతో చూడకుండా లెక్కగట్టే సాఫ్ట్‌వేర్లు వాడుతున్నారు. 2016 నుంచి ఇంటర్ స్థాయి చదువు కాగానే నేరుగా చేరి, జీతం తీసుకుంటూ ఆరేళ్లలో సొలిసిటర్ అయ్యే అప్రెంటిస్ దారి కూడా ఉంది. ఇది నాకు నచ్చిన దారి. డిగ్రీ అప్పులేకుండా బయటపడే పిల్లవాడు ‘మా సంస్థనే ఎందుకు’ అన్న ప్రశ్నకు కాస్త నిజం చెప్పగలడు.

2021 సెప్టెంబరులో అంతకంటే పెద్ద మార్పొచ్చింది. ట్రైనింగ్ కాంట్రాక్ట్ తప్పనిసరి కాదన్నారు. ఎస్‌క్యూఈ అనే కేంద్రీకృత పరీక్ష రెండు దశల్లో రాయాలి. మొదటి దశలోనే 360 బహుళైచ్ఛిక ప్రశ్నలు. దానితోపాటు రెండేళ్ల పని అనుభవం. ఆ అనుభవం ఒకేచోట ఉండనక్కర్లేదు, నాలుగు చోట్ల దాకా కలుపుకోవచ్చు. పారాలీగల్‌గా చేసింది, కాలేజీ న్యాయ సహాయ కేంద్రంలో చేసింది కూడా చెల్లుతుంది. కోట తలుపులు బద్దలయ్యాయని అందరూ అనుకున్నారు. కానీ పరీక్ష ఫీజే దాదాపు 4,900 పౌండ్లు. కోచింగ్ ఖర్చు వేరు. మొదటి దశలో ఒక్కో విడత సగం మంది అటూ ఇటూగా మాత్రమే గట్టెక్కుతున్నారు. సంస్థ ముందే ఎంచుకున్నవాడికి ఈ ఖర్చంతా సంస్థే పెట్టుకుంటుంది, చదువుకున్నన్నాళ్లూ చేతి ఖర్చు కూడా ఇస్తుంది. ఎంపిక కానివాడు సొంతంగా కట్టుకోవాలి. 2024 జనవరి విడతలో మార్కుల్ని దగ్గరి అంకెకు సవరించే లెక్క తప్పడంతో, పాసైన 175 మందికి ఫెయిలయ్యారని ఉత్తరాలు వెళ్లాయి. తప్పు తెలిసి దిద్దేసరికి ఏప్రిల్ వచ్చింది. క్షమాపణ చెప్పారు, తలా 250 పౌండ్లు ఇస్తామన్నారు.

షామీర్‌పేట నుంచి నయాపూల్ దాకా

ఈ లండన్ కుర్చీకి, మన షామీర్‌పేటకు నేరుగా దారి ఉంది. 1998లో మొదలైన నల్సార్ విశ్వవిద్యాలయం నుంచీ బెంగళూరు, కోల్‌కతా జాతీయ లా కాలేజీల నుంచీ బ్రిటిష్ సంస్థలు ఇరవయ్యేళ్లుగా కొద్దిమందిని ట్రైనీలుగా తీసుకెళ్తున్నాయి. వాళ్లూ వెకేషన్ స్కీముకు లండన్ వెళ్లి, ఆ వారాలన్నీ గడిపి, నెగ్గుకొచ్చినవాళ్లే. మిగిలినవాళ్ల కోసం ముంబై, ఢిల్లీ పెద్ద సంస్థలు నియామకాల తొలిరోజున, అంటే క్యాంపస్ భాషలో ‘డే జీరో’న దిగుతాయి. ఐదేళ్ల కోర్సులో మూడో ఏడు దాటకముందే ఏ సంస్థలో ఇంటర్న్‌షిప్ చేశావన్నది భవిష్యత్తును తేల్చేస్తుంది. ఈ కాలేజీల ప్రవేశ పరీక్ష క్లాట్‌కు కోచింగు, ఆ పైన లక్షల్లో ఫీజులు, జీతంలేని ఇంటర్న్‌షిప్ నెలల్లో ముంబైలో అద్దె. ఎవరు నిలబడగలరో లెక్క వేసుకోండి.

లాసెట్ రాసి మూడేళ్ల కోర్సు చదివినవాళ్ల సంగతి వేరు. వాళ్లలో ఎక్కువమందికి డే జీరో లేదు. ఉన్నదల్లా ఒక ప్రశ్న: ‘మనకు తెలిసిన లాయరు ఎవరైనా ఉన్నారా?’ మేనమామ తోడల్లుడికి ఒక సీనియర్ తెలుసు. ఆయన దగ్గరికి తీసుకెళ్తారు. ‘రేపట్నుంచి ఆఫీసుకి రామ్మా, చూద్దాం’ అంటాడాయన. అదే దరఖాస్తు, అదే ఇంటర్వ్యూ, అదే నియామక పత్రం. జీతం మాట ఎవరూ ఎత్తరు. ఎత్తడం మర్యాద కాదు.

మన చట్టంలో ట్రైనీ అన్న మనిషే లేడు. ఒకప్పుడు ఉండేవాడు. మద్రాసు హైకోర్టులో వకీలు కావాలంటే బీఎల్ తర్వాత ఒక సీనియర్ దగ్గర అప్రెంటిస్‌గా ఉండాలి. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లి, తర్వాత రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చున్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ అలా పని నేర్చుకుని వచ్చినవారే. 1961 న్యాయవాదుల చట్టంలో కూడా మొదట శిక్షణ, పరీక్ష అన్న షరతు ఉండేది. 1973 సవరణలో తీసేశారు. 1995లో బార్ కౌన్సిల్ ఏడాది శిక్షణను మళ్లీ నిబంధనగా తెచ్చింది. ఆ అధికారం నీకు చట్టం ఇవ్వలేదంటూ 1999లో వి.సుదీర్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. శిక్షణ మంచిదే, కావాలంటే చట్టం మార్చుకోండని కూడా చెప్పింది. ఎవరూ మార్చలేదు. 2024 జులైలో వచ్చిన మరో తీర్పుతో ఎన్‌రోల్‌మెంట్ ఫీజు 750 రూపాయలకు మించకూడదని, ఎస్సీ ఎస్టీలకు 125కు మించకూడదని తేలింది. రాష్ట్రాల్లో వేలకు వేలు గుంజుతున్న బార్ కౌన్సిళ్లకు అది ముకుతాడు.

కాబట్టి మన దగ్గర ద్వారం ఇంగ్లండు కంటే వెయ్యి రెట్లు విశాలం. 750 కట్టి, బార్ పరీక్ష పాసైతే కోటు వేసుకోవచ్చు. కోటు వేసుకున్నాక తినేదేమిటన్నది ఎవరి బాధ్యతా కాదు. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని సీనియర్లకు సిఫారసు చేసింది. సిఫారసే, ఆదేశం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చివర్లో లా నేస్తం పేరుతో జూనియర్లకు నెలకు 5 వేలు ప్రభుత్వమే ఇవ్వడం మొదలుపెట్టింది. సీనియర్ ఇవ్వవలసింది సర్కారు ఇచ్చిందని దాన్ని ఎగతాళి చేసినవాళ్లున్నారు. ఆ ఐదు వేలతో గది అద్దె కట్టుకున్న జూనియర్లు ఎగతాళి చేయలేదు.

సీనియర్ల వైపు మాటా వినాలి. జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసే సగటు సీనియర్ ఆదాయమే నిలకడగా ఉండదు. క్లయింటు ఫీజు వాయిదాల్లో ఇస్తాడు, ఇంజంక్షన్ వచ్చాక కనబడటం మానేస్తాడు. రెండేళ్లు నేర్పిస్తే మూడో ఏట జూనియర్ పక్క వీధిలో బోర్డు పెడతాడు, ఇద్దరు క్లయింట్లను కూడా తీసుకెళ్తాడు. ఇందులో నిజం లేకపోలేదు. కానీ ఈ లెక్కలో రోజూ పొద్దున్నే కట్టలు మోసినవాడి బస్సు ఛార్జీ ఎక్కడా రాదు. అందుకే తండ్రి లాయరైనవాడో, ఇంట్లో పొలమో జీతమో ఉన్నవాడో మాత్రమే ఐదేళ్లు ఓపిక పట్టగలుగుతున్నాడు. ఆడపిల్లలు అంతకుముందే పెళ్లి ఒత్తిడితోనో, రాత్రి తొమ్మిదిదాకా సాగే ఆఫీసు వేళలతోనో తప్పుకుంటున్నారు.

2025 మే 20న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి. ఆ ప్రాక్టీసుకు రుజువు కావాలి. కనీసం పదేళ్ల అనుభవమున్న న్యాయవాది ధ్రువపత్రం ఇవ్వాలి, దానిమీద జిల్లా న్యాయాధికారి ఆమోదముద్ర ఉండాలి. కోర్టు గది ఎలా ఉంటుందో తెలియకుండా ఇరవై మూడేళ్ల పిల్ల జడ్జి కుర్చీలో కూర్చోవడం మంచిది కాదన్న వాదనతో నాకు పేచీ లేదు. కానీ గమనించారా, 1999లో ముందు గుమ్మంలోంచి వెళ్లగొట్టిన ఆర్టికల్స్ దొడ్డిదారిన తిరిగొచ్చాయి. ఇంగ్లండులోనైతే శిక్షణ ఇచ్చే సంస్థమీద బాధ్యతలుంటాయి. ఇక్కడ సీనియర్ చేతిలో సంతకం ఉంది, నెత్తిమీద షరతు లేదు. ఆ సంతకం కావలసిన పిల్ల నెల జీతం గురించి నోరెత్తుతుందా?

ఇంత పోటీలో ఎవరూ పరీక్షించనిది ఒకటుంది. భూమి తగాదా పట్టుకుని ఒక రైతు వస్తాడు. సంచిలో పట్టాదారు పాస్‌బుక్కు, పాత పహాణీ నకళ్లు, తాత రాయించిన తెల్లకాగితం. కథ మొదటి నుంచి చెప్పడు. బావమరిది చేసిన అవమానంతో మొదలుపెడతాడు, మధ్యలో బోరు ఎండిన సంవత్సరానికి వెళ్తాడు, అసలు హద్దురాయి సంగతి లేవబోతూ చెప్తాడు. అదంతా విని, అందులోంచి తేదీలూ సర్వే నంబర్లూ ఏరి, ఇంగ్లిషులో దావా కాగితంగా రాయడం ఉంది చూశారా, అది ఏ వాట్సన్-గ్లేజర్‌కూ అందదు. తెలుగు మీడియంలో చదివి, పొలంగట్లమీద పెరిగినవాడికి ఆ కథ సగం చెప్పకుండానే తెలుస్తుంది. అలాంటివాణ్ని ఇంగ్లిషు తడబడిందని డే జీరో పక్కనపెడుతుంది, తెలిసినవాళ్లు లేరని ఛాంబర్ పక్కనపెడుతుంది.

మూసీ ఒడ్డున, నయాపూల్ దగ్గరి హైకోర్టులో పొద్దున పదిన్నరకు జూనియర్లు నేర్చుకునే తొలి వాక్యం, సీనియర్ మరో కోర్టులో ఉన్నారు, పాస్‌ఓవర్ (కేసును కాసేపాగి పిలవడం) ఇప్పించండి. కొన్ని నెలలపాటు కోర్టులో వాళ్ల గొంతు పలికేది ఆ ఒక్కటే. సాయంత్రం ఛాంబర్లో సీనియర్ బల్లకు ఓ పక్కగా ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని అక్కడే కూర్చుంటారు. ఏడు దాటాక క్లయింట్లు రావడం మొదలవుతుంది. ఒకాయన తమ్ముణ్ని తోడు తెచ్చుకుంటాడు, గదిలో కుర్చీలు చాలవు. సీనియర్ తలెత్తి చూడనక్కర్లేదు. జూనియర్ అప్పటికే లేచి, కుర్చీ ఆయనవైపు జరిపి, గోడకు ఆనుకుని నిలబడి రాసుకుంటూ ఉంటుంది.